మందు చేరే దారి మీద మన కాలేజీల్లో ఏం పరిశోధన జరుగుతోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఫార్మాస్యూటిక్స్, అంటే మందుని బిళ్లగానో సిరప్‌గానో ఇంజెక్షన్‌గానో తయారుచేసే శాస్త్రం, చెబుతాను. సొంతూరు హిందూపురం వైపు. మీ పత్రికలో అప్పుడప్పుడు నానో రోబోల గురించి, సూది లేని టీకాల గురించి వార్తలు వస్తుంటాయి, మా విద్యార్థులు వాటిని ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెడుతుంటారు, సంతోషమే. కానీ అదే రంగంలో మన పిల్లలు, అంటే అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఎం.ఫార్మసీ చదివే పిల్లలు ఏటా చేస్తున్న పరిశోధన గురించి ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. పొడవైంది, స్థలం చాలకపోతే కత్తిరించండి, ఇన్సులిన్ గురించి రాసిన భాగం మాత్రం ఉంచమని మనవి.

సూటిగా చెబుతాను. మందుని ఒంట్లో అది చేరాల్సిన చోటికి చేర్చే పద్ధతుల్ని మేం డ్రగ్ డెలివరీ అంటాం. దాని మీద మన ఫార్మసీ కాలేజీల్లో జరిగే పనిలో చాలా భాగం ఎప్పుడో తేలిపోయిన విషయాల్నే మళ్లీ తేలుస్తోంది. మరోపక్క పీహెచ్‌సీల్లో, అంగన్‌వాడీల్లో, రేకుల షెడ్లలో జవాబు దొరకని ప్రశ్నలు బోలెడున్నాయి, వాటిలో కొన్నిటికైతే మా ల్యాబుల్లో ఇప్పటికే ఉన్న సామానే సరిపోతుంది. ఈ రెండిటినీ కలిపేవాళ్లు లేరు.

ఎం.ఫార్మసీ ఫార్మాస్యూటిక్స్ థీసిస్‌లు ఓ పది తీసి శీర్షికలు చూడండి. ‘ఫార్ములేషన్ అండ్ ఇవాల్యుయేషన్ ఆఫ్ సస్టెయిన్డ్ రిలీజ్ మ్యాట్రిక్స్ టాబ్లెట్స్ ఆఫ్’ అని ఉంటుంది, అంటే మందుని నిదానంగా విడుదల చేసే బిళ్లల తయారీ, పరీక్ష అని, చివర్లో మందు పేరు మాత్రం మారుతుంది. ఒకరిది మెట్‌ఫార్మిన్, ఒకరిది డైక్లోఫెనాక్, ఇంకొకరిది ప్రొప్రనొలాల్. చేసే పనీ ఒకటే. మందు పొడిలో హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ (తడిస్తే జిగురులా ఉబ్బే పదార్థం) కలిపి బిళ్లలు కొడతారు, పాలిమర్ పాళ్లు మార్చుకుంటూ ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా తొమ్మిది రకాలు. బిళ్లలోంచి మందు ఎంత వేగంగా కరిగి బయటికొస్తుందో చూసే డిసొల్యూషన్ యంత్రంలో వాటిని వేస్తారు. ఆరు గాజు పాత్రలు, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్ల ద్రవం, 37 డిగ్రీల వేడి, నిమిషానికి 50 సార్లు తిరిగే తెడ్డు. మొదటి రెండు గంటలు పొట్టలో ఉండేలాంటి ఆమ్లం, ఆ తర్వాత పేగుల్లో ఉండేలాంటి బఫర్ ద్రవం. గంటకోసారి 5 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీయాలి, తీసినంత కొత్త ద్రవం పోయాలి, తీసినదాన్ని వడకట్టి మందు ఎంతుందో కొలిచే యూవీ యంత్రంలో పెట్టి రీడింగ్ రాసుకోవాలి. పన్నెండు గంటల స్టడీ అంటే పిల్లలు పొద్దున ఏడింటికి మొదలుపెట్టి చీకటిపడేదాకా ఆ యంత్రం ముందే, టిఫినూ భోజనమూ వంతులవారీగా, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. వాళ్ల ఓపిక చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఆ అంకెల్ని తీసుకెళ్లి మందు విడుదల తీరుని చెప్పే హిగుచి, కోర్స్‌మేయర్-పెప్పాస్ సమీకరణాల్లో పెడతారు, లెక్క ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.99 వస్తుంది, ఎఫ్6 అన్నిటికంటే బాగుందని రాస్తారు, బైండింగ్ చేయించి లైబ్రరీకి ఇస్తారు. దాని పని అక్కడితో సరి.

హెచ్‌పీఎంసీ ఎక్కువ వేస్తే మందు నిదానంగా విడుదలవుతుందని తేలి దశాబ్దాలైంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (నిదానంగా విడుదలయ్యే) బిళ్ల మీ వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. మరి రెండు సెమిస్టర్లు కష్టపడి ఆ పిల్ల కొత్తగా ఏం కనుక్కుంది? ‘టెక్నిక్ నేర్చుకుంటారు కదా మేడమ్’ అని మా తోటివాళ్లు అంటారు. నిజమే, యంత్రం నడపడం, లెక్క కట్టడం నేర్చుకుంటారు. కానీ అదే యంత్రం మీద, అవే చేతులతో, ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న పట్టుకుని నేర్చుకోకూడదని ఎక్కడా లేదు కదా.

ఈ మధ్య మ్యాట్రిక్స్ బిళ్లలకు బదులు నానోపార్టికల్స్, అంటే మందు నింపిన అతి చిన్న రేణువులు, వచ్చాయి. పేరు గొప్పగా ఉంటుంది, పద్ధతి పాతదే. రేణువు సైజు, దాని మీది విద్యుదావేశాన్ని తెలిపే జీటా పొటెన్షియల్ కొలిచే యంత్రం చాలా కాలేజీల్లో ఉండదు, శాంపిల్ బయటికి పంపాలి, ఆ చార్జీలు పిల్లలే కట్టుకుంటారు. జీప్యాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాళ్లకి నెలకి 12,400 రూపాయలు వస్తాయి, మిగతావాళ్లకి అదీ లేదు. నాన్న వేరుశనగ అమ్మిన డబ్బుతో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో తీయించుకునే అమ్మాయిలు ఉన్నారండి మా దగ్గర. ఆ ఫొటో థీసిస్‌లో అందంగా ఉంటుంది. ఆ రేణువు కణజాలంలోకి వెళ్తుందా, రక్తంలో నిలబడుతుందా, నెల తర్వాత సీసాలో అలాగే ఉంటుందా అన్నవి ఎవరూ అడగరు.

ఇంత బాధ ఎందుకంటే ఈ రంగం అంత గొప్పది. 2021 మే, జూన్ నెలల్లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం బెంగళూరులో, హైదరాబాద్‌లో ఎన్ని కుటుంబాలు తిరిగాయో, వాట్సాప్‌లో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో మీ పత్రికే రోజూ రాసింది. ఆ మందు 1950ల నాటిది, ఫంగస్‌ని చంపుతుంది, కానీ కిడ్నీల్ని కూడా దెబ్బతీస్తుంది. అందరూ వెతికింది లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కోసం. అదే మందు, కాకపోతే కొవ్వు పొరతో చేసిన అతి చిన్న బుడగల్లో పెట్టింది, అందువల్ల కిడ్నీలకు హాని తగ్గుతుంది, ఎక్కువ డోసు ఇవ్వగలరు. కొవ్వు పదార్థాలు నీళ్లలో వాటంతటవే ఇలా బుడగలు కడతాయని 1960ల్లో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ చూపించాడు, అప్పట్లో ఆయన మందుల కోసం చూడలేదు, కణాల పొరలు ఎలా ఉంటాయో తెలుసుకోవాలని చూశాడు. మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీలో బిమల్ కుమార్ బచావత్ గారి బృందం, ముంబై కెఇఎం ఆసుపత్రి డాక్టర్లు కలిసి ఇక్కడి లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ని తయారుచేసి రోగుల దాకా తెచ్చారు. ఒక యూనివర్సిటీ ల్యాబు, ఒక ప్రభుత్వ ఆసుపత్రి. మనవల్ల కాదు అనేవాళ్లకి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల సంగతీ అంతే. ఆ టీకాలకు దారి వేసిన శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ వచ్చింది, వాళ్ల ముఖ్యమైన పేపరు 2005 నాటిది, అది అందరికీ తెలుసు. కానీ ఎంఆర్ఎన్ఏని, అంటే ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువుని, ఉత్తదాన్ని ఒంట్లోకి ఎక్కిస్తే కాసేపట్లో ముక్కలైపోతుంది. దాన్ని కణంలోపలికి చేర్చింది లిపిడ్ నానోపార్టికల్ అనే అతి చిన్న కొవ్వు రేణువు, దాని వెనక కెనడాలో పీటర్ కల్లిస్ లాంటివాళ్లు దశాబ్దాలు పనిచేశారు. 1976లో అమెరికాలో రాబర్ట్ లాంగర్, జుడా ఫోక్‌మన్ పెద్ద ప్రోటీన్లు కూడా పాలిమర్‌లోంచి నిదానంగా బయటికి రాగలవని చూపించినప్పుడు చాలామంది నమ్మలేదు, లాంగర్‌కి మొదట్లో గ్రాంట్లు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు కూడా ప్రోటీన్ మందుని నోటి ద్వారా ఇవ్వడం ఎంత కష్టమో చూడండి, షుగర్‌కి వాడే సెమాగ్లూటైడ్ బిళ్ల 2019లో వచ్చింది, పరగడుపున కొద్ది నీళ్లతో మింగి అరగంట ఏమీ తినకూడదు, అంత జాగ్రత్తగా వేసుకున్నా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు దగ్గర దగ్గర. మిగతాదంతా వృథా. ఇంత ఆసక్తికరమైన సమస్యలున్న రంగంలో మన పిల్లల చేత మెట్‌ఫార్మిన్ బిళ్లలు కొట్టించడం నాకు మనసొప్పదు.

ఇక అసలు ప్రశ్నలు ఎక్కడున్నాయో చెబుతాను. మా వదిన హిందూపురం దగ్గర ఏఎన్ఎం. ఒకసారి సెలవుల్లో వెళ్లినప్పుడు టీకాల రోజు పొద్దున్నే ఆమెతో పీహెచ్‌సీకి వెళ్లాను. డీప్ ఫ్రీజర్లోంచి ఐస్ ప్యాకులు తీసి బల్ల మీద వరుసగా పేర్చారు. వెంటనే క్యారియర్లో పెట్టకూడదు, పైన నీరు పట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినిపించేదాకా ఆగాలి. ఒక్కో ప్యాకునీ ఆమె అలా ఊపి చూసి, వినిపించనిదాన్ని పక్కన పెడుతోంది. బయట ఆటో హారన్ కొడుతోంది, నాలుగు ఊళ్లు తిరగాలి. తొందరపడి గట్టి ఐస్ పెట్టేస్తే పక్కనున్న పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), హెపటైటిస్-బి సీసాలు గడ్డకడతాయి. వాటిలో అల్యూమినియం ఉప్పు ఉంటుంది, టీకా దానికి అంటుకుని ఉంటుంది, ఒకసారి గడ్డకట్టి కరిగితే ఆ అమరిక చెదిరిపోయి ముద్దలు కడుతుంది, టీకా పని తగ్గిపోతుంది. సీసా మీద వీవీఎం అనే గుర్తు ఉంటుంది కదా, గుండ్రం లోపల తెల్ల చతురస్రం, అది ముదిరి చుట్టూ ఉన్న రంగుకి వచ్చేస్తే పారేయాలి. అది వేడిని మాత్రమే చూపిస్తుంది. మా వదిన ఆ సీసా నా చేతికిచ్చి, ‘ఎండ తగిలితే ఈ గుర్తు చెప్తాది, మంచు తగిలితే ఎవురు చెప్తారు మే? మీ కాలేజీ పిల్లోళ్లకి ఇట్లాటివి ఇయ్యరా?’ అంది.

షేక్ టెస్ట్ అని ఒకటుంది. అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసాతో కలిపి ఊపి, ఏది ముందు అడుక్కి దిగుతుందో చూడాలి. జనం వరుసలో ఉండగా ఊళ్లో చెట్టు కింద అది చేసే వీలు ఎక్కడుంటుంది. మన దేశమొక్కటే కాదు, టీకాలు నిల్వ ఉంచిన ఫ్రిజ్‌లలో, రవాణాలో 14 నుంచి 35 శాతం దాకా గడ్డకట్టే చలి తగిలిందని 2007లో వచ్చిన ఒక అంతర్జాతీయ సమీక్ష చెప్పింది. వేడి గురించి అంత శ్రద్ధ తీసుకున్నాం, చలి గురించి తీసుకోలేదు. దీని మీద పని చేసినవాళ్లు ఉన్నారు. టీకాలో ప్రొపైలిన్ గ్లైకాల్ కలిపితే హెపటైటిస్-బి టీకా గడ్డకట్టినా చెడిపోదని పాత్ అనే సంస్థ పరిశోధకులు చూపించి, ఆ పద్ధతిని ఎవరైనా వాడుకోమని వదిలేశారు. ఇంగ్లండ్‌లో బాత్ యూనివర్సిటీలో అసెల్ సార్ట్‌బయేవా బృందం ప్రోటీన్ చుట్టూ సిలికా పొర కట్టించి వేడి తగిలినా చెడకుండా చూస్తోంది. ప్రొపైలిన్ గ్లైకాల్ మా ల్యాబులో అలమార కింది అరలో లీటర్ల లెక్కన ఉంటుంది! అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ ఉంటుంది, ఫ్రీజర్ ఉంటుంది, అసలు టీకా లేకపోయినా ఆ జెల్‌కి మామూలు ప్రోటీన్ ఏదైనా అంటించి ఎంత చలికి, ఎంతసేపటికి ముద్ద కడుతుందో, దేన్ని కలిపితే ఆగుతుందో చూడొచ్చు. దాంతో టీకా తయారైపోదు, అది నాకూ తెలుసు. కానీ అది నిజమైన ప్రశ్న, దాని జవాబు ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

ఇన్సులిన్ సంగతి. మా అపార్ట్‌మెంట్ వెనక కడుతున్న బిల్డింగు దగ్గర రేకుల షెడ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. వాళ్లలో ఒక పెద్దావిడ ఇన్సులిన్ వేసుకుంటుంది. ఫ్రిజ్ లేదు. కొన్నాళ్లు పక్క కిరాణా కొట్టువాళ్ల ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల మధ్య పెట్టుకుంది, ఆ కొట్టు మూసి ఉన్న పొద్దు ఇంజెక్షన్ లేదు. ఇప్పుడు సీసాని పాలిథిన్ కవర్లో చుట్టి తడిగుడ్డ కప్పిన కుండలో పెడుతోంది. ఆమె నన్ను అడిగింది, ‘కుండలో పెడితే చెడిపోతుందా మేడమ్?’ అని. బెంగళూరు చల్లటి ఊరని అంటాం గానీ 2024 వేసవిలో ఇక్కడే 38 డిగ్రీలు దాటింది, రేకుల కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. మన రాయలసీమలో అయితే 42, 43 మామూలే.

ఈ ప్రశ్నని ఒక యూనివర్సిటీ సీరియస్‌గా తీసుకుంది. జెనీవా యూనివర్సిటీ వాళ్లు, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థతో కలిసి, కెన్యాలోని దగహలే శరణార్థి శిబిరంలో ఇళ్లలో పగలూ రాత్రీ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో కొలిచారు. అది 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఆడుతోంది. ల్యాబులో అదే తీరున వేడి పెంచుతూ తగ్గిస్తూ నాలుగు వారాలు రకరకాల ఇన్సులిన్లు ఉంచి చూస్తే, చల్లగా దాచినవాటికీ వీటికీ పనిలో తేడా రాలేదు. 2021లో ఆ ఫలితాలు ప్రచురించారు. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త యంత్రం చేయలేదు. పేదవాడి ఇంట్లో ఉష్ణోగ్రత ఎంతుంటుందో వెళ్లి కొలిచి, దాన్ని ల్యాబులోకి తెచ్చారు, అంతే. దీన్ని చదివి ఎవరూ ఇన్సులిన్ ఎండలో పెట్టేయొద్దు, ఆ అధ్యయనం 37 దాకానే చూసింది, నాలుగు వారాలే చూసింది, ఎవరికి వాళ్లు డాక్టర్ని అడగాల్సిందే. నేను అడిగేది వేరు. 43 డిగ్రీల తాడిపత్రిలో ఏమవుతుంది? మన దగ్గర అమ్మే బ్రాండ్లు ఎన్ని రోజులు ఆగుతాయి? గాలి పొడిగా ఉండే అనంతపురంలో కుండ బాగా చల్లబరుస్తుంది, ఉక్కపోత ఉండే నెల్లూరులో అంత చల్లబరచదు, ఆ తేడా ఎన్ని డిగ్రీలు? దీనికి కావాల్సింది కుండలు, చిన్న టెంపరేచర్ లాగర్లు, మెడికల్ షాపులో కొన్న ఇన్సులిన్ సీసాలు, సీసాలో ఇంకా ఎంత మందు చెడకుండా మిగిలిందో కొలిచే ఒక హెచ్‌పీఎల్‌సీ యంత్రం. ఆ యంత్రం చాలా ఎం.ఫార్మసీ కాలేజీల్లో ఉంది. పిల్లలు వేసవి సెలవులకి ఎలాగూ సొంతూళ్లకే వెళ్తారు, లాగర్ వెంట పట్టుకెళ్తే చాలు.

ఇలాంటి పని చిన్నదని తీసిపారేయకండి. ఆఫ్రికాలో మెనింజైటిస్-ఎ కోసం పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన మెనాఫ్రివాక్ టీకా ఉంది. అదే టీకా, ఫార్ములా మార్చలేదు. 40 డిగ్రీల దాకా వేడిలో నాలుగు రోజులు ఉన్నా పని తగ్గదని స్టెబిలిటీ పరీక్షల్లో, అంటే నిల్వలో మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే పరీక్షల్లో, చూపించాక లేబుల్ మీద ఆ మాట రాయడానికి అనుమతి వచ్చింది. 2012లో బెనిన్ దేశంలో దాన్ని ఐస్ లేకుండా చివరి ఊళ్లకు తీసుకెళ్లి వేశారు. స్టెబిలిటీ పరీక్ష అంటే మా పిల్లలు ప్రతి థీసిస్‌లోనూ ఆఖరి అధ్యాయంగా మొక్కుబడిగా చేసేదే, 40 డిగ్రీలు, 75 శాతం తేమ, మూడు నెలలు. ఆ ఆఖరి అధ్యాయమే అక్కడ ప్రాణాలు కాపాడింది.

పిల్లల మందుల గురించి కూడా ఒక మాట. పెద్దల బిళ్లని బ్లేడుతో సగానికో పావుకో కోసి, పొడి చేసి, పొట్లాలు కట్టి ఇవ్వడం ఇప్పటికీ ఉంది. ఏ పావులో ఎంత మందు వెళ్లిందో ఎవరికీ తెలియదు. టీబీ ఉన్న పిల్లలకి నీళ్లలో కరిగే, సరైన పాళ్లున్న బిళ్ల 2015 చివర్లో గానీ రాలేదు, అప్పటిదాకా తల్లులు చేదు బిళ్లల్ని నూరి పోశారు. ఇప్పుడు కూడా తల్లులు మందుని పాలలో కలుపుతారు, రాగి జావలో కలుపుతారు, తేనెలో కలుపుతారు. డాక్సీసైక్లిన్ లాంటివి పాలలోని కాల్షియంతో కలిసిపోయి ఒంటికి సరిగ్గా పట్టవని పుస్తకంలో ఉంది. రాగిలోనూ కాల్షియం ఎక్కువే. మరి రాగి జావలో కలిపితే ఏ మందు ఎంత అందుతుంది? అదే డిసొల్యూషన్ యంత్రం, అదే తెడ్డు, బఫర్‌కి తోడు జావ. ఇది థీసిస్ అవ్వదా?

బెంగళూరులోనే ఉన్నాం కాబట్టి ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) గురించి చెప్పాలి. అక్కడ రాఘవన్ వరదరాజన్ గారి బృందం, మైన్‌వాక్స్ అనే వాళ్ల అంకుర సంస్థ కలిసి చేసిన కోవిడ్ టీకా నమూనా, పొడిగా ఆరబెట్టిన రూపంలో, 100 డిగ్రీల్లో 90 నిమిషాలు, 37 డిగ్రీల్లో నెల రోజుల దాకా తట్టుకుంది. జగదీశ్ గోపాలన్, దీపశిఖా చక్రవర్తి గార్ల బృందాలు సూది లేకుండా షాక్ వేవ్‌తో చర్మంలోకి టీకా పంపడం ఎలుకల్లో చేసి చూపించి 2011లో ప్రచురించాయి. రచిత్ అగర్వాల్ గారి ల్యాబు కీళ్ల అరుగుదలకి మందుని చిన్న పాలిమర్ గోళాల్లో పెట్టి కీలులోనే నిదానంగా విడుదలయ్యేలా చూస్తోంది. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. యలహంక నుంచి అక్కడికి బస్సులో గంట ప్రయాణం, కానీ మా కాలేజీ పిల్లల్లో ఆ గేటు లోపలికి వెళ్లినవాళ్లు అరుదు. రావొద్దని ఎవరూ అనలేదు, ఎవరిని అడగాలో వీళ్లకి తెలియదు, పిలవాలని వాళ్లకి తట్టదు. అక్కడి పెద్ద ల్యాబుల్లో పుట్టిన ఫార్ములేషన్ని మన ఎండల్లో, మన ఫ్రిజ్‌లలో, మన రోడ్ల కుదుపుల్లో పరీక్షించే ఓపికైన పని మా పిల్లలు చేసిపెట్టగలరు. ఆ పనికి వేల చేతులు కావాలి, ఆ చేతులు ఇక్కడ ఖాళీగా ఉన్నాయి.

ఎందుకు జరగట్లేదంటే కారణాలు దాచేవేం కాదు. థీసిస్‌కి మూడో, నాలుగో సెమిస్టర్లు రెండే ఉంటాయి, ఫలితం ‘బాగా’ రాకపోతే ఎగ్జామినర్ ఏమంటాడో అని పిల్లలకి టెన్షన్, గైడ్‌కి టెన్షన్, అందుకే ముందే జవాబు తెలిసిన టాపిక్ తీసుకుంటారు. అధ్యాపకులకి ప్రమోషన్ కావాలంటే పేపర్లు కావాలి, డబ్బు కడితే వేసే జర్నల్స్ ఉన్నాయి, అవి అడిగేది సంఖ్యే. ఎఫ్6 బాగుందని రాస్తే పేపరవుతుంది, ‘కుండ 43 డిగ్రీల్లో పనికిరాలేదు’ అని రాస్తే ఎవరు వేస్తారు అని అడుగుతారు. నా దృష్టిలో ఆ రెండో వాక్యం మొదటిదానికంటే ఎంతో విలువైనది, ఎందుకంటే అది చదివి ఒక డాక్టర్ తన పేషెంటుకి చెప్పే మాట మారుతుంది. కంపెనీల వైపు నుంచి కూడా ఒత్తిడి లేదు, వాళ్లకి జెనెరిక్స్ చేయడం వచ్చినవాళ్లు కావాలి, కుండల మీద పరిశోధన చేసినవాళ్లు అక్కర్లేదు అనుకుంటారు. నిజానికి స్టెబిలిటీ ప్రశ్నని మొదటి నుంచీ సొంతంగా ఆలోచించి డిజైన్ చేసిన విద్యార్థి ఏ ఆర్ అండ్ డీలోనైనా పనికొస్తుంది.

యూనివర్సిటీలు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ఆరోగ్య శాఖలు తలుచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. పీహెచ్‌సీల ఫార్మసిస్టులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు పనిలో ఎదురయ్యే మందుల, టీకాల నిల్వ సమస్యల్ని ఏడాదికోసారి రాసి పంపితే, వాటిని కాలేజీలకు థీసిస్ ప్రశ్నలుగా ఇవ్వొచ్చు. సినాప్సిస్, అంటే థీసిస్ ప్రణాళిక, ఆమోదించేటప్పుడు ‘ఇదే పని ఇంతకుముందు ఎవరు చేశారు, నీది ఎక్కడ వేరు, ఎవరికి పనికొస్తుంది’ అని గట్టిగా అడగాలి. వ్యతిరేక ఫలితం వచ్చినా, పని నిజాయితీగా చేసి ఉంటే పూర్తి మార్కులివ్వాలి. ఈ ఒక్క నియమం మారితే పిల్లలు భయం లేకుండా కొత్త ప్రశ్న తీసుకుంటారని నా నమ్మకం.

మీ పత్రికను కూడా ఒకటి అడుగుతాను. ఫలానా చోట కొత్త డెలివరీ పద్ధతి కనిపెట్టారు అని వేసేటప్పుడు అది గాజు పాత్రలో జరిగిందా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా అన్నది మొదటి పేరాలోనే రాయండి. ‘ఇక సూదులకు సెలవు’ అని హెడ్డింగ్ పెడితే పొద్దున్నే మా ఇంటికి ఫోన్లు వస్తాయి, షుగర్ ఉన్న మా చిన్నాన్న ‘ఆ బిళ్ల ఎక్కడ దొరుకుతుందమ్మా’ అని అడుగుతాడు, ఇంకా ఎలుకల దగ్గరే ఉంది చిన్నాన్నా అని చెప్పాల్సి వస్తుంది. ఆయన గొంతులో నిరాశ నాకు బాగా తెలుసు.

ఇది చదివే ఏఎన్ఎంలు, ఫార్మసిస్టులు, అంగన్‌వాడీ టీచర్లు, ఇంట్లో మందు దాచుకోవడంలో ఇబ్బంది పడేవాళ్లు ఎవరైనా తమ సమస్యని నాలుగు వాక్యాల్లో మీ కార్యాలయానికి రాస్తే, మీరు వాటిని నాకు పంపగలిగితే, వచ్చే బ్యాచ్‌కి మూడో సెమిస్టర్‌లో టాపిక్‌లు ఇచ్చేలోపు వాటిని మా పిల్లల ముందు పెడతాను. ఊరు పేరు, ఎండాకాలంలో అక్కడ కరెంటు ఎన్ని గంటలు పోతుంది, ఏ మందు, దాన్ని దేంట్లో దాస్తారు, ఇవి రాస్తే చాలు. ఇన్సులిన్, కుండ ప్రశ్నకి ఇద్దరు అమ్మాయిలు ఇప్పటికే ముందుకొచ్చారు, ఒకరిది గుత్తి, ఒకరిది నెల్లూరు.

ఇట్లు,
ఒక ఫార్మసీ అధ్యాపకురాలు,
యలహంక, బెంగళూరు